వరి చేనా, రొయ్యల చెరువా?

బైపీసీ చదివిన మన గోదావరి డెల్టా పిల్లలకు అగ్రికల్చర్ బీఎస్సీ, ఫిషరీస్ బీఎఫ్ఎస్సీ రెండూ నాలుగేళ్ల కోర్సులే. తేడా అంతా రోజూ చేసే పనిలో ఉంది.

మొక్క, నేల, పురుగు మీద ఇష్టముంటే అగ్రికల్చర్. స్వర్ణ అని మనం పిలిచే ఎంటీయూ 7029 వరి మన మార్టేరు వరి పరిశోధన కేంద్రంలోనే పుట్టింది. అలాంటి రకం తేవాలంటే ఏళ్ల తరబడి ఓపిక పట్టాలి.

ఫిషరీస్‌లో అంత వ్యవధి దొరకదు. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతే గంటల్లో రొయ్య చచ్చిపోతుంది, ఆ టెన్షన్ మామూలుగా ఉండదు. నీటి పరీక్షలు, మేత లెక్కలు, సూక్ష్మజీవుల చదువు నచ్చాలి. భీమవరం చుట్టూ చెరువులున్నాయి కదా, ఉద్యోగం దొరుకుతుందిలే అని మాత్రం చేరొద్దు.

మా తమ్ముడికైతే ఒక రోజు ఊడ్పుల్లో, ఒక రాత్రి నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల పక్కన చెరువు గట్టు మీద గడిపి రమ్మన్నాను.