మారుపేరా, సొంతపేరా?

విజయనగరం గంటస్తంభం దగ్గర సాయంత్రం బస్సుల కోసం పడే అవస్థ మీద మా వీధి అమ్మాయి పత్రికకు ఉత్తరం రాసింది. చివర తన పేరు పెట్టి, కొట్టేసి, "ఒక విద్యార్థిని" అంది. "ఏది ఉంచమంటారు పిన్నీ?" అని కాగితం నా చేతికిచ్చింది.

1885లో రుఖ్మాబాయి బాల్యవివాహాల మీద బొంబాయి 'టైమ్స్ ఆఫ్ ఇండియా'కు రాసిన ఉత్తరాల కింద ఉన్న సంతకం "ఒక హిందూ స్త్రీ". పదకొండేళ్లకే పెళ్లయిన మనిషి. కాపురానికి రావాలని భర్త అప్పటికే కోర్టుకెక్కాడు. పేరు పెడితే జనం ఉత్తరం వదిలేసి ఆమె సంసారం మీద పడేవారు. మారుపేరుతో అది ఎందరో ఆడవాళ్ల గోడుగా వినిపించింది. అలాగని ఆమెను పిరికిదనుకుంటే పొరపాటే. 1887లో కోర్టు కాపురమో జైలో తేల్చుకోమంటే, జైలుకే సిద్ధమంది!

మన భండారు అచ్చమాంబ (1874–1905) దారి వేరు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు దగ్గర చదువు నేర్చి, 'హిందూసుందరి' లాంటి పత్రికల్లో సొంతపేరుతో రాసింది. పేరు కనబడితే, ఎక్కడో వంటింట్లో చదివే ఇల్లాలికి "ఫలానా ఆవిడ రాసింది, నేనూ రాస్తా" అనే ధైర్యం వస్తుంది. నాకు ఇదే ఎక్కువ ఇష్టం.

కానీ ఇంటి గుట్టు రాయాల్సివస్తే రుఖ్మాబాయి దారే పట్టమంటాను. బస్సు సంగతికి దాపరికం దేనికి? అమ్మాయి కలం తీసుకుని, కొట్టేసిన పేరు పక్కనే మళ్లీ పెద్ద అక్షరాలతో రాసింది.