స్ప్లెండర్ ఇచ్చేసి అపాచీ 160 తీసుకోవచ్చా? శ్రీకాకుళం, విజయనగరం దారుల మీద లెక్క

ఏపీ 30, ఏపీ 35 నంబర్ల స్ప్లెండర్లు మనవైపు ఏ ఊరెళ్లినా కనబడతాయి. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ వచ్చింది కాబట్టి, పాత నంబరు ఉందంటే ఆ బండికి వయసు మళ్లినట్టే. ఆర్‌సీ గడువు పదిహేనేళ్లు. అది దగ్గరపడేసరికి "దీన్ని వొగ్గేసి బేగి ఎల్లే బండొకటి తీసుకుందుమా" అనే మాట ఇంట్లో మొదలవుతుంది. అలా చూసేవాళ్ల జాబితాలో టీవీఎస్ అపాచీ ఆర్‌టీఆర్ 160 4వీ తప్పకుండా ఉంటుంది. దాన్ని స్ప్లెండర్ అలవాటైన మనిషి కళ్లతో చూసి రాసిన రివ్యూ ఇది. రేసింగ్ సరదా ఉన్నవాళ్లకు ఇందులో పెద్దగా ఏమీ దొరకదు.

షోరూమ్‌కి వెళ్లేముందు ఒక పని చేయాలి. పాత బండి పుట్టుకతోనే నెమ్మదా, లేక జబ్బు చేసి నెమ్మదించిందా తేల్చుకోవాలి. సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో వెనక చక్రాన్ని చేత్తో తిప్పండి. ఒకటిన్నర చుట్టుకే ఆగిపోతే బ్రేక్ షూ పట్టేస్తోంది, లేదా చైన్ మరీ బిగుతుగా ఉంది. చైన్ మధ్యలో వేలితో పైకి ఎత్తితే 25 మిల్లీమీటర్ల దాకా ఆడాలి. తర్వాత నాలుగో గేరులో 40 మీద వెళ్తూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పండి. ఇంజన్ మోత పెరిగి ముల్లు కదలకపోతే క్లచ్ ప్లేట్లు అరిగాయి. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు మాత్రమే నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు మారిస్తే చాలు. లాగినప్పుడల్లా వస్తుంటే రింగులు, బోరు పోయినట్టు. ముందు బ్రేక్ పట్టుకుని హ్యాండిల్‌ని ముందుకూ వెనక్కీ ఊపితే టక్కుమన్నదా, కోన్ సెట్ (హ్యాండిల్ కింది బేరింగులు) అరిగింది. గాలి కూడా చూడండి: ఒక్కరే వెళ్తే ముందు 25, వెనక 28 పీఎస్ఐ. వెనక మనిషి ఎక్కితే వెనక టైరుకి 40 పట్టాలి. చాలామంది ఏడాది పొడుగునా 28తోనే ఇద్దరు తిరిగేసి, బండి లాగట్లేదంటారు.

క్లచ్ ప్లేట్లు, చైన్ స్ప్రాకెట్ సెట్, ఎయిర్ ఫిల్టర్, ప్లగ్ మార్చి, కార్బొరేటర్ కడిగించాక కూడా మీకు చాలట్లేదంటే, అప్పుడు కొత్త బండి గురించి ఆలోచించడం న్యాయం. కొందరు మెకానిక్కులు ముందు స్ప్రాకెట్‌కి ఒక పన్ను ఎక్కువున్నది వేసి "ఇక చూసుకో" అంటారు. దాంతో బలం పెరగదు. ఎదురుగాలికి నాలుగో గేరులో ఊపిరి అందక మూడుకి దించుకోవాల్సి వస్తుంది.

ఇక అంకెలు. స్ప్లెండర్ ప్లస్ ఇంజన్ 97.2 సీసీ, 8 పీఎస్ (ఇంజన్ బలానికి కొలత, హార్స్ పవర్ లాంటిది), బరువు 112 కిలోలు. అపాచీ 159.7 సీసీ, స్పోర్ట్ మోడ్‌లో 17.55 పీఎస్, వెనక డ్రమ్ బ్రేకున్న మోడల్ 144 కిలోలు. బండి మీద ఇద్దరు, అంటే 140 కిలోలు ఎక్కారనుకుందాం. ఆ మొత్తం బరువుకి టన్ను లెక్కన స్ప్లెండర్‌కి సుమారు 32 పీఎస్ వస్తుంది, అపాచీకి 62. ఒంటరిగా తోలితే కనబడే తేడా కంటే భార్యాపిల్లలతో వెళ్లినప్పుడు కనబడే తేడా ఎక్కువన్నమాట. పైగా గాలిని చీల్చడానికి కావాల్సిన బలం వేగం ఘనం (క్యూబ్) లెక్కన పెరుగుతుంది. 60 నుంచి 80కి వెళ్లాలంటే దాదాపు 2.4 రెట్లు. స్ప్లెండర్ 60 దగ్గర హాయిగా ఉండి 80 దగ్గర హ్యాండిలూ ఫుట్‌రెస్టులూ వణకడానికి కారణం అదే. తన దగ్గరున్నదంతా అక్కడే ఖర్చయిపోతుంది.

అపాచీలో కొనుక్కునేది 114 టాప్ స్పీడ్ కాదు. నాలుగు వరుసల జాతీయ రహదారి మీద మోటార్ సైకిల్‌కి గరిష్ఠ పరిమితి 80. మనం డబ్బు పోసేది 60కీ 80కీ మధ్య ఉన్న ఆ కాస్త జాగాకే. శ్రీకాకుళం నుంచి విశాఖ సుమారు 110 కిలోమీటర్లు. స్ప్లెండర్ మీద 60-65తో, అపాచీ మీద 75-80తో వెళ్తే మిగిలేది పదిహేను ఇరవై నిమిషాలు. పైడిభీమవరం ఫ్యాక్టరీల షిఫ్టుకి శ్రీకాకుళం నుంచి వెళ్లేవాళ్లకైతే ఆరేడు నిమిషాలు, అంతే. టైమ్ కోసమే బండి మార్చేట్టయితే ఈ లెక్క చూశాక మానుకోవచ్చు.

అసలు తేడా తెలిసేది పాలకొండ, రాజాం, చీపురుపల్లి లాంటి రెండు వరుసల రోడ్ల మీద. ముందు ఇసుక లారీ 50లో పోతుంటుంది, ఎదురుగా కొంచెం ఖాళీ దొరుకుతుంది. స్ప్లెండర్‌తో నాలుగు నుంచి మూడుకి దించి, పూర్తిగా తిప్పి, లారీ పక్కనే వేలాడుతూ ముందుకు పాకాలి. అపాచీ అయితే నాలుగో గేరులో తిప్పగానే దాటేస్తుంది. ఎదురు లేన్‌లో ఉండే సెకన్లు సగానికి పడిపోతాయి. అర్బన్, రెయిన్ మోడ్‌లలో బలం 15.64 పీఎస్‌కి తగ్గుతుంది, టాప్ స్పీడ్ 103. ఊళ్లో అర్బన్ చాలు. ఓవర్‌టేకులున్న రోడ్డెక్కేముందే స్పోర్ట్‌లో పెట్టుకోండి, సగంలో మీటరు వైపు చూడటం ప్రమాదం.

పికప్ కంటే ముందు చూడాల్సింది బ్రేకులు. నన్నడిగితే బండి మార్చడానికి నిజమైన కారణం ఇదే. స్ప్లెండర్‌కి రెండువైపులా 130 మిల్లీమీటర్ల డ్రమ్ములు, పాతవాటిలో ఒకటి నొక్కితే రెండూ పట్టే ఏర్పాటు కూడా లేదు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బళ్లన్నిటికీ ఏబీఎస్ (గట్టిగా నొక్కినా చక్రం లాక్ కాకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి. ఈ అపాచీ డ్రమ్ మోడల్‌కి ముందు 270 మిల్లీమీటర్ల డిస్క్, దానికి సింగిల్ ఛానల్ ఏబీఎస్. కోతలయ్యాక మన రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు. గింజలు టైరు కింద గోళీల్లా దొర్లుతాయి. అక్కడ ముందు బ్రేక్ గట్టిగా నొక్కితే స్ప్లెండర్ ముందు చక్రం లాకై జారిపోతుంది, ఏబీఎస్ దాన్ని ఆపుతుంది. సింగిల్ ఛానల్ అంటే వెనక చక్రానికి ఆ రక్షణ లేదు. కంగారులో కాలితో తొక్కేస్తే వెనకభాగం పక్కకు కొట్టుకుపోవడం అపాచీలోనూ జరుగుతుంది. డ్రమ్ముల మీద ఏళ్లకేళ్లు తోలి డిస్కుకి మారినవాళ్లు మొదటి వారం ముందు లివర్‌ని రెండు వేళ్లతోనే పట్టుకోవడం మంచిది.

పోగొట్టుకునేవీ తక్కువేం కాదు. మొదటిది చైన్ కవర్. స్ప్లెండర్ చైన్ పూర్తిగా మూసిన పెట్టెలో ఉంటుంది కాబట్టి, నెలల తరబడి పట్టించుకోకపోయినా నడుస్తుంది. అపాచీది బయటే ఉంటుంది. కళింగపట్నం, బారువ, చింతపల్లి వైపు ఉప్పుగాలికీ, దమ్ముల కాలంలో పొలం బురదకీ అది తుప్పు పట్టి, ముడులు పడుతుంది. 500 కిలోమీటర్లకోసారి కిరోసిన్‌తో తుడిచి, చైన్ లూబ్ కొట్టాలి. వానలో తడిస్తే ఇంటికొచ్చిన వెంటనే. ఈ పని చెయ్యనివాళ్లకి చైన్ సెట్ సగం ఆయుష్షుకే పోతుంది, తప్పు బండి మీద వేస్తారు.

రెండోది వెనక సీటు. స్ప్లెండర్ సీటు పొడవుగా, చదునుగా ఉంటుంది. పాల క్యాన్లు, ఎరువు బస్తా, చీరకట్టుతో ఒక పక్కకి కూర్చునే అమ్మ, అన్నిటికీ ఒప్పుతుంది. అపాచీ వెనక సీటు ఎత్తులో, పొట్టిగా ఉంది. చీర గార్డు, ఫుట్‌రెస్టు ఉన్నా బొబ్బిలి నుంచి విజయనగరం దాకా పక్కకి కూర్చుని రావడం పెద్దవాళ్లకి కష్టమే. టెస్ట్ రైడ్‌కి ఒక్కరే వెళ్లకండి. వెనక కూర్చునే మనిషిని తీసుకెళ్లి ఎక్కించి, దింపి చూడండి. సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లు, స్ప్లెండర్ 785. అంకెలో తేడా చిన్నదే గానీ 32 కిలోల అదనపు బరువుతో ఇసుక నేలలో వెనక్కి నెట్టేటప్పుడు పొట్టివాళ్లకి అది గట్టిగానే తెలుస్తుంది.

మూడోది ఊరి మెకానిక్. కార్బొరేటర్ స్ప్లెండర్ ఎక్కడ ఆగినా పక్క ఊరి కుర్రాడు ప్లగ్ తీసి, తుడిచి, పంపించేస్తాడు. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండికి బ్యాటరీ పూర్తిగా పడిపోతే పెట్రోలు పంపే తిరగదు, నెట్టి స్టార్ట్ చేయడం కుదరకపోవచ్చు. ట్యాంకు ఎప్పుడూ అడుగంటేదాకా వాడకండి, ఆ పంపుని చల్లబరిచేది పెట్రోలే. ఇథనాల్ కలిసిన పెట్రోలు నీటిని పీల్చుకుంటుంది కాబట్టి, వానాకాలంలో బండి వారాల తరబడి నిలబెట్టాల్సొస్తే ట్యాంకు నిండుగా ఉంచండి. ఇంజన్ ముందున్న ఆయిల్ కూలర్ రెక్కల్లో బురద ఎండిపోతే వేడి తగ్గదు. పైపు నీళ్లు మెల్లగా పోసి కడగాలి, ప్రెషర్ గన్ పెడితే రెక్కలు వంగిపోతాయి.

మైలేజ్ సంగతి క్లుప్తంగా: స్ప్లెండర్ 60 ఇచ్చేచోట ఇది 40-45 ఇస్తుంది. నెలకి వెయ్యి కిలోమీటర్లు తిరిగితే ఏడు లీటర్లు అదనం, లీటరు 110 అనుకుంటే 770 రూపాయలు. చాలామంది మరిచిపోయేది ఇన్సూరెన్స్. థర్డ్ పార్టీ ప్రీమియం (ఎదుటివాళ్లకి జరిగే నష్టం కోసం కట్టేది) సీసీని బట్టి ఉంటుంది, 150 దగ్గర గీత ఉంది. 2022 జూన్‌లో వచ్చిన రేట్లలో కొత్త బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీ 75 దాటి 150 సీసీ వరకు 3,851 రూపాయలు, అది దాటి 350 సీసీ వరకు 7,365, పన్ను అదనం. 149.5 సీసీ ఉన్న పల్సర్ 150 గీతకి ఇవతల ఉంటుంది, అపాచీ అవతల. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బళ్లకి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకుముందు రాయించుకున్న కొటేషన్లు చించేసి కొత్తవి అడగండి.

డిస్క్, డ్రమ్ మోడళ్లలో మన అవసరానికి వెనక డ్రమ్ముదే మేలు. దానికి వెనక 110 టైరు, డిస్క్ మోడల్‌కి 130. వెడల్పు టైరు చూడ్డానికి బాగుంటుంది గానీ, మార్చేటప్పుడు ఖర్చు ఎక్కువ, మైలేజ్ కొంచెం తక్కువ. సాలూరు ఘాట్ ఎక్కి కోరాపుట్ వైపు తరచూ వెళ్లేవాళ్లు మాత్రం డిస్క్ తీసుకోండి, దిగేటప్పుడు డ్రమ్ము వేడెక్కి పట్టు తగ్గుతుంది. పల్సర్ ఎన్ఎస్200 అడిగేవాళ్లకి ఒక్క మాట: దాని 24.5 పీఎస్ వచ్చేది 9,750 ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర. ఆమదాలవలస రోడ్డు మీద అక్కడిదాకా తిప్పే అవకాశం రాదు.

రోజూ 20 కిలోమీటర్ల లోపు, ఊరి రోడ్లు, బస్తాలు, వెనక అమ్మ: స్ప్లెండర్‌ని బాగుచేయించుకుని ఉంచుకోండి. కొంచెం పికప్ కావాలంటే 11.38 పీఎస్, 123 కిలోల టీవీఎస్ రైడర్ 125 లాంటిది నడిమధ్య దారి, ఇన్సూరెన్సూ తక్కువ బ్రాకెట్లోనే. రోజూ 50 దాటి హైవే ఉండి, వారంలో రెండు మూడుసార్లయినా వెనక మనిషి ఉంటే అపాచీ డబ్బుకి న్యాయం చేస్తుంది.

పాతది అమ్మేటప్పుడు షోరూమ్ ఎక్స్‌ఛేంజ్ ధర విన్నాక, బయట ఇద్దరు మెకానిక్కులనైనా అడగండి. స్ప్లెండర్‌కి పల్లెల్లో గిరాకీ ఎప్పుడూ తగ్గదు, ఎక్స్‌ఛేంజ్‌లో అంత రాదు. ఎవరికిచ్చినా పేరు మార్పిడి ఫారాలు 29, 30 మీద సంతకాలు పెట్టి ఊరుకోవద్దు, ఆర్‌సీ వాళ్ల పేరుకి మారిందో లేదో ఆన్‌లైన్లో చూసుకోండి. రికార్డుల్లో ఓనరుగా ఎవరి పేరుంటే ప్రమాద పరిహారం బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. పాత పాలసీ మీద నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చెయ్యనందుకు ఇచ్చే తగ్గింపు) ఉంటే అది బండిది కాదు, మీది. ఇన్సూరెన్స్ ఆఫీసులో సర్టిఫికెట్ తీసుకుని కొత్త బండి ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగే నష్టం) ప్రీమియంలో తగ్గించుకోండి, సేల్స్‌మన్ తనంతట తాను ఆ మాట ఎత్తడు.