చుక్కలు వేశాక లెన్స్ మారుస్తారు, శుక్లం ఆపరేషన్‌కి వెళ్లేవాళ్లు జాగ్రత్త

ఆపరేషన్, లెన్స్ అన్నీ కలిపి ఒకే రేటు అని ఓ కంటి ఆసుపత్రి శుక్లానికి ప్యాకేజీ నడుపుతోంది. పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికొచ్చే ఆపరేషన్ కాబట్టి అంతా హడావిడిగా నడిపిస్తారు. ఆ హడావిడిని అడ్డం పెట్టుకునే నిన్న 72 ఏళ్ల పెద్దాయన దగ్గర డబ్బు గుంజారు.

ప్యాకేజీ డబ్బు కట్టించుకున్నారు. చుక్కలు వేశారు, గౌను తొడిగారు. కళ్లజోడు, ఫోను తీయించి బయటున్న కొడుకు చేతికి పంపేశారు. అప్పుడొచ్చింది కౌన్సెలర్, కాగితం పట్టుకుని. "అంకుల్, మీ కంటికి ప్యాకేజీ లెన్స్ సెట్ కాదంట, మల్టీఫోకల్ వెయ్యాలి. డాక్టర్ గారు లోపల రెడీగా ఉన్నారు, తొందరగా సంతకం పెట్టండి." మల్టీఫోకల్ అంటే దూరం, దగ్గర రెండూ కనిపించేలా చేసే లెన్స్. తేడా 35 వేలు. "మా అబ్బాయినడిగి చెప్తానమ్మా" అన్నారాయన. "లేటైతే లిస్టులోంచి తీసేస్తారు, తర్వాత కన్ను పాడైతే మాకు సంబంధం లేదు" అంది. కన్ను పోతుందని భయపెట్టి ఆ వయసు మనిషి చేత సంతకం చేయించుకున్నారు. ఇంతకంటే అన్యాయం ఉంటుందా?

ఆమె చెప్పింది అబద్ధం. కంటి పొడవు, కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) వంపు కొలిచే బయోమెట్రీ పరీక్ష ముందే అయిపోతుంది. పవర్ ఎంత, ఏ రకం లెన్స్ సరిపోతుంది అనేది తేల్చాల్సింది అప్పుడే. ఆపరేషన్ మధ్యలో లెన్స్ మార్చాల్సిన అవసరం నిజంగా రావచ్చు, లెన్స్‌ని మోసే వెనక పొర చిరిగితే. అప్పుడు త్రీ-పీస్ అనే వేరే రకం లెన్స్ పెడతారు, లేదా ఆ రోజుకి లెన్స్ లేకుండా ముగించి తర్వాత పెడతారు. అది ఆపరేషన్ మొదలయ్యాకే తెలిసే విషయం, గౌను తొడిగి కూర్చోబెట్టిన గదిలో కాదు. మామూలు శుక్లం వారం ఆగినా కంటికేమీ కాదు, చుక్కల ప్రభావం కొన్ని గంటల్లో పోతుంది. కాబట్టి "ఇవాళ వద్దు" అని లేచి వచ్చేయొచ్చు.

ఇంకో ఘోరం చూడండి. ఆ చుక్కలు పడ్డాక దగ్గరి అక్షరాలు మసకబారతాయి, పైగా కళ్లజోడు లేదు. చదవలేని కాగితం మీద సంతకం! సమ్మతి అంటే తగినంత సమాచారం ఇచ్చి, ఒత్తిడి లేకుండా తీసుకున్నదే అని సమీరా కోహ్లీ అనే రోగి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది.

డబ్బు ఒక్కటే అయితే ఇంత రాయను. మల్టీఫోకల్ వేస్తే రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు కనిపించొచ్చు, మసక వెలుతురులో స్పష్టత తగ్గుతుంది. షుగర్ వల్ల రెటీనా (కంటి లోపల బొమ్మ పడే తెర) దెబ్బతిన్నవాళ్లకి, గ్లకోమా (నీటికాసులు) ముదిరినవాళ్లకి సాధారణంగా వద్దంటారు. ఈయనకి ఇరవై ఏళ్లుగా షుగర్. ఫైల్లో రెటీనా స్కాన్ కాగితమే లేదు. ఆ లెన్స్ జీవితాంతం కంట్లోనే ఉంటుంది, తీసి మార్చడం అంటే మళ్లీ ఆపరేషన్, మొదటిదానికంటే కష్టమైనది.

బిల్లు మీద "ఓపీ ప్రొసీజర్" అని కొట్టిచ్చారు. ఇన్సూరెన్స్‌లో డే కేర్ (చేర్చుకుని ఆపరేషన్ చేసి అదే రోజు పంపేది) వేరు, ఓపీ (చేర్చుకోకుండా చూసి పంపేది) వేరు. 24 గంటలు ఉండకపోయినా డే కేర్‌కి క్లెయిమ్ ఇస్తారు, ఓపీ అని ఉంటే చాలా పాలసీల్లో తిరగ్గొడతారు. డిశ్చార్జ్ సమ్మరీలోనూ బిల్లులోనూ డే కేర్ అనే రాయించుకోండి. పాలసీలో ఒక్కో కంటికి పరిమితి ఎంతో, శుక్లానికి వెయిటింగ్ పీరియడ్ (పాలసీ తీసుకున్నాక క్లెయిమ్‌కి ఆగాల్సిన కాలం) అయిందో లేదో ముందే చూసుకోండి. చాలా పాలసీల్లో అది రెండేళ్లు.

లెన్స్ కంపెనీ, మోడల్, పవర్, మొత్తం ఖర్చు ముందురోజే కాగితం మీద రాయించుకోండి. పెట్టె మీది ఎం.ఆర్.పి. చూపించమనండి. సీరియల్ నంబరున్న స్టిక్కర్ అడిగి తీసుకోండి, క్లెయిమ్‌కి అదే కావాలి. ప్రోస్టేట్‌కి టామ్సులోసిన్ వాడుతున్నా, ఎప్పుడో వాడి మానేసినా డాక్టర్‌కి చెప్పండి, ఆపరేషన్లో ఐరిస్ (కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర) వదులుగా ఊగి ఇబ్బంది పెడుతుంది. మోసపోయినవాళ్లు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. ఆపరేషన్ తర్వాత నొప్పి, ఎరుపు పెరిగి చూపు తగ్గుతుంటే తెల్లారేదాకా ఆగొద్దు, అది లోపల ఇన్‌ఫెక్షన్ కావచ్చు. ప్యాకేజీ ఆసుపత్రి ఫోన్ ఎత్తకపోతే, రాత్రైనా సరే రెటీనా డాక్టరున్న ఇంకో ఆసుపత్రికి వెళ్లిపోండి.