హెచ్‌ఎస్‌పిఐపి: పైడిభీమవరం ఫార్మా ల్యాబుల్లో సాల్వెంట్ ఎంపికకు ఎంతవరకు పనికొస్తుంది?

హెచ్‌ఎస్‌పిఐపి (హాన్సెన్ సాల్యుబిలిటీ పారామీటర్స్ ఇన్ ప్రాక్టీస్) అంటే ఏ పదార్థం ఏ సాల్వెంట్‌లో, అంటే కరిగించే ద్రవంలో, కరుగుతుందో అంచనా కట్టే సాఫ్ట్‌వేర్. క్లోరోఫామ్ తీసేసి దాని చోట ఏం పెట్టాలని అడిగి చూడండి, దీని సత్తా తెలుస్తుంది. టోలుయిన్ 80, ఇథనాల్ 20 పాళ్లు (ఘనపరిమాణంలో) కలిపితే, అణువుల మధ్య ఆకర్షణను కొలిచే డిస్పర్షన్, పోలార్, హైడ్రోజన్ బంధం అంకెలు 17.6, 2.9, 5.5 వస్తాయి. క్లోరోఫామ్‌వి 17.8, 3.1, 5.7. అంకెలు ఇంత దగ్గరగా ఉంటే కరిగించే తీరూ దగ్గరగా ఉంటుందని అంచనా. మందులో మిగలడానికి ఐసీహెచ్ (మందుల ప్రమాణాలు రూపొందించే అంతర్జాతీయ సంస్థ) పరిమితి క్లోరోఫామ్‌కు 60 పీపీఎం, టోలుయిన్‌కు 890, ఇథనాల్‌కు 5000. ఇలాంటి జోడీలను వెతికిపెట్టడంలో దీనికి పూర్తి మార్కులు వేయొచ్చు.

దీని పునాది చార్లెస్ హాన్సెన్ 1967లో ఇచ్చిన పద్ధతి. పదార్థానికీ సాల్వెంట్‌కూ ఈ మూడు అంకెల్లో ఉన్న తేడాలను వర్గం చేసి, డిస్పర్షన్‌ది మాత్రం 4తో గుణించి, కూడి, వర్గమూలం తీస్తే దూరం. మూడు అంకెలను మూడు అక్షాలుగా తీసుకుంటే, పదార్థాన్ని కరిగించే సాల్వెంట్లు పడే ప్రాంతమే దాని గోళం. దూరాన్ని ఆ గోళం వ్యాసార్ధంతో భాగిస్తే వచ్చే రెడ్ (RED) విలువ 1 లోపుంటే కరుగుతుందని అంచనా.

ఆ గోళం మన పదార్థానిదే కావాలి. సుమారు 20 వయల్స్, ఒక్కోదాంట్లో 100 మి.గ్రా. పదార్థం, 1 మి.లీ. సాల్వెంట్, 25 డిగ్రీల దగ్గర ఒక రోజు కలిపి, కరిగితే 1, లేదంటే 0 వేయాలి. చాలాచోట్ల చెడేది ఇక్కడే. స్టోర్‌లో ఉన్న ఆల్కహాళ్లు, ఎస్టర్లతోనే సరిపెడతారు. హెక్సేన్, నీళ్ల లాంటి కరిగించనివి కూడా లేకపోతే గోళానికి అంచు దొరకదు. అమీన్‌ను అసిటోన్‌లో వేస్తే అది కరగడం కాకుండా చర్య కావచ్చు, చూసుకోండి. స్మైల్స్ కోడ్ (అణువు నిర్మాణాన్ని అక్షరాల్లో రాసే పద్ధతి) ఇస్తే సాఫ్ట్‌వేరే అంకెలు అంచనా కడుతుంది కానీ, హైడ్రోక్లోరైడ్ లవణాలకు దాన్ని నమ్మొద్దు.

ద్రవం ద్రవంలో కలుస్తుందా అన్నదానికి మాత్రం ఇది బలహీనం. ఇథనాల్, టోలుయిన్ మధ్య దూరం 19.4, అయినా రెండూ ఏ పాళ్లలోనైనా కలిసిపోతాయి: అణువులు చిన్నవైతే ఎంట్రోపీయే (కలగలిసిపోయే సహజ ధోరణే) కలిపేస్తుంది. మిథనాల్, హెక్సేన్ దూరం 25 దాటుతుంది. ఇవి రెండు పొరలవుతాయి, సుమారు 35 డిగ్రీల దగ్గర ఒకటవుతాయి. డిసెంబరు ఉదయం చక్కగా విడిన పొరలు మే మధ్యాహ్నం మన దగ్గర కనిపించకపోతే ఆశ్చర్యం లేదు. చల్లార్చినా, కాస్త నీళ్లు చేర్చినా మళ్లీ విడతాయి.

లీటరుకు ఎన్ని గ్రాములు కరుగుతుందో కూడా ఇది చెప్పదు. అంకెలు కుదిరినా, ద్రవీభవన స్థానం ఎక్కువున్న స్ఫటికం మొండికేస్తుంది. క్రిస్టలైజేషన్‌కు ఉష్ణోగ్రతవారీ సాల్యుబిలిటీ కర్వ్ ల్యాబులో తీయాల్సిందే.

పాలిమర్ కోటింగులు, రెజిన్లు, సాల్వెంట్ మార్పులు తరచూ చేసే యూనిట్లు కొనుక్కోవచ్చు. ఏడాదికి ఒకటి రెండు ప్రశ్నలే వచ్చేచోట, పై దూరం సూత్రాన్ని ఎక్సెల్‌లో వేసుకుంటే సరిపోతుంది.