ఎర్ర గచ్చు చేతిపంపా, పాత చేదబావా, లోతు బోరా: ఏది మేలు?

పశ్చిమ బెంగాల్‌లోని నదియా, ముర్షీదాబాద్ జిల్లాల్లో, అటు బంగ్లాదేశ్‌లో చాలా చేతిపంపుల దగ్గర సిమెంటు గచ్చు తుప్పు రంగుకు తిరిగి ఉంటుంది. ఇనుము మరకే కదా అనుకుంటారు. ఇనుమే, కానీ ఆ నీళ్లలో ఆర్సెనిక్ అనే విషం కూడా ఉండొచ్చని చెప్పే గుర్తు అది. (గచ్చు నల్లబడితే మాంగనీస్, అక్కడ ఆర్సెనిక్ తక్కువ ఉండే అవకాశం ఎక్కువ. అలాగని రంగు చూసి తాగెయ్యకండి, టెస్ట్ చేయించాల్సిందే.)

హిమాలయాల నుంచి నదులు మోసుకొచ్చిన ఒండ్రులో ఇసుక రేణువుల మీద తుప్పు పొర ఉంటుంది, ఆర్సెనిక్ దాన్ని పట్టుకుని ఉంటుంది. లోపల గాలి ఆడని చోట కొన్ని బ్యాక్టీరియా ఆక్సిజన్‌కు బదులు ఆ తుప్పుతోనే బతుకుతాయి, పూడిపోయిన ఆకూ అలమూ వాటికి తిండి. తుప్పు కరిగేకొద్దీ ఆర్సెనిక్ నీళ్లలోకి వదులుతుంది. 2004లో మాంచెస్టర్ పరిశోధకులు బెంగాల్ మట్టి తీసుకుని ప్రయోగశాలలో ఇది జరగడం చూపించారు.

మరి చేదబావి? గాలి తగులుతుంది కాబట్టి ఆర్సెనిక్ సాధారణంగా తక్కువే. కానీ విరేచనాల క్రిములు చేరతాయి, 1970ల్లో ఊరూరా చేతిపంపులు వేసిందే చెరువులూ బావుల నీళ్లలోని ఆ క్రిముల భయంతో. మరిగిస్తే క్రిములు చస్తాయి, ఆర్సెనిక్ పోదు సరికదా నీళ్లు ఇంకి ఇంకా చిక్కబడుతుంది (మన నల్గొండ ఫ్లోరైడ్ కూడా మరిగిస్తే పోదు). అందుకే ఆర్సెనిక్ ఉందని తేలిన పంపు కంటే, మూత వేసి క్లోరిన్ కలుపుతున్న చేదబావే మేలంటాను. అయితే క్లోరిన్ వెయ్యడం మరిచిపోయే ఊళ్లో, చంటిపిల్లలున్న ఇంట్లో ఆ మాట అనలేను. ఆర్సెనిక్ అరచేతుల్లో చర్మాన్ని గట్టిపరచడానికి, క్యాన్సర్ దాకా రావడానికి ఏళ్లు పడుతుంది, విరేచనాలు పసిబిడ్డను రోజుల్లో తీసుకుపోతాయి.

ఖర్చు లేని దారి పక్కింటి పంపు. కొన్ని పదుల మీటర్ల దూరంలోనే నీళ్లు మారిపోతాయి. బంగ్లాదేశ్‌లో దాదాపు 50 లక్షల పంపులు పరీక్షించి, లీటరుకు 50 మైక్రోగ్రాములు దాటితే ఎరుపు, లేకుంటే ఆకుపచ్చ రంగు వేశారు. మన దేశంలోనూ, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలోనూ హద్దు 10 మాత్రమే, కాబట్టి పచ్చ రంగు చూసి పూర్తిగా ధీమా పడకూడదు, అంకె అడగాలి. ఇంకోటి, రోజూ బిందె పట్టుకుని ఒకరి గుమ్మంలో నిలబడడం ఆడవాళ్లకు ఎంత ఇబ్బందో లెక్కలో చేరదు.

ఫిల్టర్లూ ఉన్నాయి, ఇనుప రజనుతో పనిచేసే సోనో ఫిల్టర్‌కు మంచి పేరుంది. కానీ ఏ ఫిల్టరైనా పని మానేసినప్పుడు రుచిలో తెలియదు.

నా ఓటు ఊరంతా కలిసి వేసుకునే లోతు బోరుకే. బెంగాల్, బంగ్లాదేశ్‌లలో లోతు 150 మీటర్లు దాటితే చాలాచోట్ల ఆర్సెనిక్ చాలా తక్కువ. తాగడానికే వాడాలి, పొలాల మోటార్లు కూడా అక్కడి నుంచే తోడితే పై నీళ్లు కిందికి దిగే ప్రమాదముంది. బోరు పడేదాకా పరీక్ష చేసిన పక్కింటి పంపు. ఎర్ర పంపును పీకెయ్యక్కర్లేదు, బట్టలకూ స్నానానికీ పనికొస్తుంది. అన్నానికి మాత్రం ఆ నీళ్లు వద్దు, ఉడికేటప్పుడు బియ్యం ఆర్సెనిక్‌ను పీల్చుకుంటుంది.