ఇంటర్న్‌లకి నేర్పేవాళ్ళకి ట్రైనింగ్: రెండ్రోజుల వర్క్‌షాపా, ఆన్‌లైన్ కోర్సా, పక్కన ఉండి నేర్పడమా, ఏది మేలు?

హైదరాబాద్‌లో పిల్లల హాస్పిటల్స్‌కి కొదవ లేదు, రెడ్ హిల్స్ నిలోఫర్ నుంచి బంజారాహిల్స్ కార్పొరేట్ హాస్పిటల్స్ దాకా బోలెడున్నాయి. కానీ సూది వేసే ముందు బొమ్మ మీద చేసి చూపించి, ఏం జరగబోతోందో పిల్లలకి అర్థమయ్యే మాటల్లో చెప్పి భయం తగ్గించేవాళ్ళు, అంటే చైల్డ్ లైఫ్ పని చేసేవాళ్ళు మాత్రం చాలా తక్కువ. ఆ కొద్దిమంది దగ్గరికే సైకాలజీ, సోషల్ వర్క్ చదివే అమ్మాయిలు అబ్బాయిలు ఇంటర్న్‌షిప్‌కి వస్తున్నారు, వచ్చినవాళ్ళని వార్డులో ఎవరు బాగా చేస్తే వాళ్ళకి అప్పగించేస్తున్నాం. పిల్లలతో బ్రహ్మాండంగా చేసే అక్క ఒక ఇంటర్న్‌కి కూడా ఆ పని నేర్పగలదు అనేముంది? అది పూర్తిగా వేరే పని, దానికి ఆవిడకి కూడా ఎవరో ఒకరు నేర్పాలి కదా.

ఈ పని 1955లో అమెరికాలో క్లీవ్‌లాండ్ సిటీ హాస్పిటల్‌లో ఎమ్మా ప్లాంక్ పెట్టిన ప్రోగ్రామ్‌తో ఒక రూపానికి వచ్చింది, 1982లో వాళ్ళకి ఒక సంఘం ఏర్పడింది, అక్కడ సర్టిఫికెట్ పరీక్షకి కూర్చోవాలంటే సర్టిఫైడ్ స్పెషలిస్ట్ చేతికింద కనీసం 600 గంటలు ఇంటర్న్‌షిప్ చేయాలి. వారానికి 40 గంటలు వేసుకుంటే 15 వారాలు. అన్ని వారాలు రోజూ ఒక్క మనిషిని చూసి నేర్చుకుంటారు, ఆ మనిషి ఎలా నేర్పితే వీళ్ళు రేపు మన పిల్లల దగ్గర అలానే చేస్తారు. అందుకే ఇంటర్న్‌లకి నేర్పే ఈ సూపర్‌వైజర్ల ట్రైనింగ్‌ని చిన్న విషయంగా తీసుకోవద్దు అంటున్నా.

ముందు వర్క్‌షాప్ సంగతి. దీన్ని తక్కువ చేసి మాట్లాడను, దాంట్లో దొరికేది ఇంకెక్కడా అంత తొందరగా దొరకదు. ఉదాహరణకి 1979లో జానీన్ బెర్నార్డ్ అనే ఆవిడ చెప్పిన మోడల్ ఉంది, సూపర్‌వైజర్ ఒకసారి టీచర్‌లా, ఒకసారి కౌన్సెలర్‌లా, ఒకసారి సలహా ఇచ్చే తోటి ఉద్యోగిలా ఉండాలి, ఎప్పుడు ఏది అన్నది ఎదురుగా ఉన్న ఇంటర్న్‌ని బట్టి ఉంటుంది అని. ఇది కౌన్సెలింగ్ నుంచి వచ్చిందే అయినా మన పనికి బాగా సరిపోతుంది. మొదటి వారం వచ్చిన ఇంటర్న్‌కి టీచర్ కావాలి, క్యాన్సర్ వార్డులో మొదటిసారి ఒక బిడ్డ పోయినప్పుడు ఆ ఇంటర్న్‌కి పాఠం కాదు వినేవాళ్ళు కావాలి, అయితే వింటూ వింటూ మనమే థెరపిస్ట్ అయిపోకూడదు, బాధ లోతుగా ఉంటే వేరే కౌన్సెలర్ దగ్గరికి పంపాలి. ఇలాంటి గీతలు ఎక్కడ గీయాలో వర్క్‌షాప్‌లో నలుగురు కూర్చుని మాట్లాడుకుంటే తెలుస్తుంది. కానీ శని ఆదివారాలు హాల్లో కూర్చుని రోల్ ప్లే చేసినవాళ్ళు సోమవారం ఓపీ రద్దీలో పడగానే పాత అలవాటుకే వెళ్ళిపోతారు, ఎందుకంటే అక్కడ వాళ్ళని చూసేవాళ్ళు ఎవరూ లేరు.

ఆన్‌లైన్ కోర్సు గురించి తొందరగా చెప్పేస్తా. అమెరికా నుంచి నడిచే లైవ్ క్లాసులైతే అక్కడి తూర్పు తీరంలో మధ్యాహ్నం 1 గంట అంటే చలికాలంలో మనకి రాత్రి 11:30, డ్యూటీ చేసి వచ్చిన మనిషి ఏం వింటుంది? రికార్డింగ్ అయితే నయం. చదువు భాగం బాగుంటుంది కానీ వాళ్ళ ఉదాహరణల్లో బిడ్డ, తల్లి, విడి రూమ్ ఉంటాయి, మన జనరల్ వార్డులో మంచం చుట్టూ అమ్మ, అమ్మమ్మ, మేనమామ ఉంటారు, ఒకరు తెలుగు ఒకరు ఉర్దూ, మధ్యలో ఎవరో "అల్లరి చేస్తే డాక్టర్ సూది వేస్తడు చూడు" అంటారు. ఆ అమ్మమ్మని నొప్పించకుండా ఆ మాట ఎలా ఆపాలో ఇంటర్న్‌కి నేర్పడం ఏ కోర్సులోనూ నేను చూడలేదు.

ఇక మూడోది, నాకు బాగా నమ్మకం ఉన్నది. కొత్త సూపర్‌వైజర్ తన ఇంటర్న్‌తో పనిచేస్తుంటే ఒక సీనియర్ పక్కన ఉండి చూడటం, ఇంటర్న్‌ని కాదు, సూపర్‌వైజర్‌ని. ఆరేళ్ళ బాబుకి క్యాన్యులా, అంటే మందు ఎక్కించడానికి నరంలోకి పెట్టే సన్న గొట్టం, పెట్టాలి అనుకోండి. ఇంటర్న్ బొమ్మ చేతి మీద చేసి చూపించి బాగానే మొదలుపెట్టింది, బాబు బిక్కమొహం వేశాడు, ఇంటర్న్ మాట ఆగిపోయింది, వెంటనే సూపర్‌వైజర్ బొమ్మ లాక్కుని మిగతాది తానే చేసేసింది. బాబుకి మేలే జరిగింది, ఇంటర్న్ మాత్రం ఏం నేర్చుకుంది? తనవల్ల కాదని. ఆ పది సెకన్ల మౌనం ఓర్చుకోవడమే సూపర్‌వైజర్ నేర్చుకోవాల్సిన అసలు పని, అది ఇంకొకరు చూసి చెప్తే తప్ప తెలియదు, తన దృష్టిలో తను సాయం చేసింది అంతే. అదే ఇంటర్న్ "అస్సలు నొప్పి ఉండదు నాన్నా" అంటే మాత్రం ఆగకూడదు, అక్కడికక్కడే నెమ్మదిగా "కొంచెం చురుక్కుమంటుంది, అప్పుడు మనిద్దరం బుడగలు ఊదుదాం" అని సరిదిద్దాలి, ఎందుకంటే అబద్ధం చెప్తే ఆ బిడ్డ రేపు మన ఎవరి మాటా నమ్మడు. ఎప్పుడు ఆగాలి ఎప్పుడు కల్పించుకోవాలి అన్న ఈ తేడా మంచం పక్కనే తెలుస్తుంది.

ఫీడ్‌బ్యాక్ కూడా అంతే. మనవాళ్ళు చాలామంది "బాగా చేశావమ్మా" అని వదిలేస్తారు లేదా అందరి ముందు మందలిస్తారు. సూపర్‌వైజర్ ఇంటర్న్‌తో మాట్లాడే వారం మీటింగ్‌లో సీనియర్ కూర్చుంటే తర్వాత సూపర్‌వైజర్‌ని అడగొచ్చు, బాగా అంటే ఏది బాగా, సూది పట్టుకున్న నర్స్ వైపు బాబు చూడకుండా ఇంటర్న్ నిలబడ్డ చోటా, వాడి చేతికి బుడగల సీసా ఇవ్వడమా, అది పేరుపెట్టి చెప్పావా అని.

దీనికీ ఇబ్బందులున్నాయి. ఇద్దరు పనివాళ్ళ టైమ్ పోతుంది, మేనేజ్‌మెంట్ ఒప్పుకోవడం కష్టం. ఇంకోటి మన దగ్గర మేడమ్ ముందు జూనియర్ నోరెత్తదు, సీనియర్ పక్కనుంటే సూపర్‌వైజరే ఇంటర్న్‌లా బిగుసుకుపోతుంది. అందుకే సీనియర్ వార్డులో ఒక్క మాట మాట్లాడకూడదు, ఇంటర్న్ ముందు అసలే వద్దు, ఏమున్నా తర్వాత తలుపేసుకుని ఇద్దరే.

మీ టీమ్‌లో అందరూ మొదటిసారి సూపర్‌వైజర్లు అయితే ముందు వర్క్‌షాప్ పెట్టుకోండి, లేకపోతే మాట్లాడుకోవడానికి మాటలే ఉండవు. ఇప్పటికే ఒకటి రెండు బ్యాచ్‌లు చూసినవాళ్ళైతే ఇంకో వర్క్‌షాప్‌కి డబ్బులు పెట్టకండి, ఆ డబ్బుతో సీనియర్‌కి వారానికి ఒక పూట ఖాళీ చేయించండి, మొదటి నెల వారం వారం, తర్వాత రెండు వారాలకోసారి చాలు. ఒక్కరే ఉన్న హాస్పిటల్‌లో ఇది కుదరదు అంటారు, నిజమే, అలాంటప్పుడు ఇంటర్న్ ఒప్పుకుంటే మీ వారం మీటింగ్‌ని ఫోన్‌లో ఆడియో రికార్డ్ చేసి, పేషెంట్ల పేర్లు ఎక్కడా రాకుండా చూసుకుని, వేరే హాస్పిటల్‌లో చేసే అనుభవం ఉన్న అక్కతో కలిసి వినండి, విన్నాక డిలీట్ చేసేయండి. వార్డులో మాత్రం రికార్డింగ్ వద్దు.