సీసా మీద అంకె పెద్దదైతే రమ్ము గొప్పదా? నాలుగు పాత రమ్ములు, ఏది మేలు?

మస్కట్ నుంచో దుబాయ్ నుంచో అమలాపురం వచ్చే బావమరిదికి "ఓ మంచి రమ్ము పట్రా" అని చెబితే చాలదు. సుంకం లేకుండా మనిషికి వచ్చేది రెండు లీటర్లే. అందులో మన వాటా ఒక సీసా అయితే గొప్ప. కాబట్టి పేరు చెప్పి మరీ తెప్పించుకోవాలి. షాపులో ముందుగా కంటపడేది సీసా మీది అంకె. పీపాలో మగ్గిన ఏళ్ళంటూ 8, 12, 15, 23 అని ఉంటాయి. అంకె పెద్దదని కొంటే చాలాసార్లు డబ్బు అక్కడే పోతుంది.

జమైకా, బార్బడోస్ రమ్ముల మీద 12 అని ఉంటే, ఆ మిశ్రమంలో అన్నిటికంటే చిన్నదాని వయసు 12 అన్నమాట. గ్వాటెమాలా వారి జకాపా మీది 23 అలాంటిది కాదు. 6 ఏళ్ళ సరుకు నుంచి 23 ఏళ్ళ సరుకు దాకా అందులో కలిసి ఉంటాయి. ఇక పీపా ఏ ఊళ్ళో ఉందన్నది వయసు కంటే పెద్ద సంగతి. వేడి ప్రాంతంలో పీపాలోంచి ఏటా 6 శాతం ఆవిరైపోతే పన్నెండేళ్ళకు సగం కూడా మిగలదు. చల్లటి యూరప్ గోదాములో ఏటా 2 శాతమే పోతే ముప్పావు వంతు పైనే ఉంటుంది. తరుగు ఎక్కువైన చోట చెక్క సారం కూడా తొందరగా దిగుతుంది. అందుకే కరీబియన్‌లో పన్నెండేళ్ళు మగ్గినదాన్ని యూరప్‌లో ఇరవై ఏళ్ళు ఉన్నదాని పక్కన ధైర్యంగా పెట్టొచ్చు.

పోల్చడానికి నాలుగు తీసుకుందాం: జమైకా వారి యాపిల్టన్ ఎస్టేట్ 12 (ఆల్కహాల్ 43 శాతం), అక్కడిదే హాంప్డెన్ 8 (46), గయానా వారి ఎల్ డొరాడో 15 (మార్కెట్‌ను బట్టి 40 లేదా 43), బార్బడోస్ ఫోర్‌స్క్వేర్ 2005 (59). చివరిదాని మీద 2005 అంటే బట్టీ పెట్టిన సంవత్సరం. పన్నెండేళ్ళు బర్బన్ (అమెరికా విస్కీ) పీపాల్లో ఉంచి సీసాకెత్తారు. 2007 కూడా అంతే, పన్నెండేళ్ళు, 59 శాతం. 2004 మాత్రం పదకొండేళ్ళది. ద్రాక్ష సారాలా "ఆ ఏడు పంట బాగుంది" అనే లెక్క రమ్ముకు పెద్దగా పనికిరాదు. మొలాసిస్ (చెరకు మడ్డి)తో చేసే సరుకులో తేడా తెచ్చేది పీపాలు, కలిపే చెయ్యి.

59 శాతందాన్ని 40 శాతందాని పక్కన ఉన్నదున్నట్టు పెడితే పోలిక చెడుతుంది. ఘాటైనది "గట్టి సరుకు"గా గెలుస్తుంది, లేదా ముక్కు మండించి ఓడిపోతుంది. మెడికల్ షాపులో సూది లేని 10 ఎం.ఎల్. సిరంజి తెచ్చుకోండి. ఒక్కోటి 15 ఎం.ఎల్. పోసి అన్నిటినీ 40కి దించండి. ఫోర్‌స్క్వేర్‌కు 7 ఎం.ఎల్. నీళ్ళు, హాంప్డెన్‌కు 2.2, యాపిల్టన్‌కు 1.1, ఎల్ డొరాడో 43ది అయితే దానికీ 1.1. బోరు నీళ్ళు వద్దు. కోనసీమలో సముద్రం దగ్గరి ఊళ్ళలో వాటికి ఉప్పదనం ఉంటుంది, అది రమ్ములోది అనుకుంటారు. ఆర్వో నీళ్ళు, అదీ ఫ్రిజ్‌లోవి కాకుండా.

గ్లాసు మూతి సన్నగా, కడుపు వెడల్పుగా ఉండాలి. స్టీలు గ్లాసులో వాసన నిలవదు. పోశాక పది నిమిషాలు కదపకుండా వదిలేయండి. ఏప్రిల్, మే ఉక్కలో ఈ పని పెట్టుకోకండి. 36 డిగ్రీల గదిలో ముక్కుకు అందేది స్పిరిట్ ఒక్కటే. ఏసీ 24లో పెట్టుకుంటే సరి. ఐసు వేస్తే పై వాసనలన్నీ ముడుచుకుపోతాయి. మంచింగ్ తర్వాత. ఆవకాయో రొయ్యల వేపుడో తిన్న నాలుక అరగంట దాకా దేనికీ పనికిరాదు. మధ్యమధ్య ఉప్పు లేని మరమరాలు నాలుగు నమలండి.

వరుస కూడా ముఖ్యమే. యాపిల్టన్, ఫోర్‌స్క్వేర్, ఎల్ డొరాడో, ఆఖరున హాంప్డెన్. తియ్యటి ఎల్ డొరాడో ముందు తాగితే తర్వాతది చేదుగా, పల్చగా తోస్తుంది. హాంప్డెన్ ముందు తాగితే మిగతా మూడూ నీళ్ళే.

యాపిల్టన్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. నారింజ తొక్క, జాజికాయ, కాస్త చెక్క వగరు. ఓల్డ్ మంక్‌లోని వెనిలా, తీపి అలవాటైన నాలుకకు మొదటి మెట్టుగా ఇదే సరైనది.

ఎల్ డొరాడో కథ వేరు. అందులో కలిసే రమ్ములు కొన్ని చెక్కతో చేసిన బట్టీల్లోంచి వస్తాయి. పోర్ట్ మౌరాంట్, వర్సైల్స్ అనే పాట్ స్టిల్స్ (కుండలాంటి బట్టీలు), ఎన్‌మోర్ అనే కాలమ్ (నిలువు స్తంభంలాంటి బట్టీ), మూడూ గ్రీన్‌హార్ట్ అనే గట్టి కలపతో కట్టినవి. ఆ బరువైన అతిమధురం వాసన, మాడబోతున్న బెల్లం పాకం రుచి మిగతా మూడింటిలో లేవు. చిక్కేమిటంటే, ఈ సీసాల్లో తీపి కలిపిన దాఖలాలు కొలతల్లో దొరికాయి. యూరప్‌లో 2021 నుంచి రమ్ములో లీటరుకు 20 గ్రాముల తీపికి మించి ఉండకూడదు. జమైకా రమ్ముల్లో అయితే తీపి కలపనే కూడదు.

ఇంట్లోనే చూడొచ్చు. తెల్ల పళ్ళెంలో చెంచాడు రమ్ము పోసి ఫ్యాను కింద రాత్రంతా ఉంచండి. తీపి కలపనిదైతే పల్చటి మరక మిగులుతుంది, కలిపితే వేలికి జిగురు అంటుతుంది. పళ్ళెం నేల మీద పెడితే మీకంటే ముందు చీమలే తేల్చేస్తాయి. హైడ్రోమీటరు ఉంటే 40 శాతందాంట్లో వేయండి. 36 దగ్గర తేలితే లీటరుకు సుమారు 15 గ్రాములు కలిసినట్టు. కానీ ఆ కొలత 20 డిగ్రీలకు. మన 32 డిగ్రీల గదిలో అదే పరికరం నాలుగైదు శాతం ఎక్కువ చూపించి, కలిపిన తీపిని కప్పిపుచ్చుతుంది.

హాంప్డెన్ మూత తియ్యగానే గదంతా ముగ్గిపోయిన పనస తొనల వాసన. ముందు గోళ్ళరంగు తుడిచే ద్రావకం ఘాటు తగిలినా పావుగంటలో దిగుతుంది. గాలిలోని ఈస్టుతో రోజుల తరబడి పులియబెట్టడం, పాత బట్టీ అడుగునీళ్ళు పోయడం వల్ల వచ్చే ఈస్టర్ల (పండ్ల వాసననిచ్చే రసాయనాల) పని ఇది. అందరికీ నప్పదు. అరచెంచా చాలు, పంచ్ (పండ్ల రసాలు కలిపిన పానీయం) రుచి మారిపోతుంది.

ఒక్కటే తెప్పించుకోగలిగితే ఫోర్‌స్క్వేర్. 40కి దించినా కొబ్బరి, ఎండు ఖర్జూరం, వేయించిన జీడిపప్పు నిలబడే ఉంటాయి. నీళ్ళు కలిపినా విడిపోనిది ఈ నాలుగింట్లో అదే. ఎల్ డొరాడో భోజనమయ్యాక తియ్యగా ఒక పెగ్గు వేసుకునేవారికి. దాని 15కి ముచ్చటపడి పన్నెండేళ్ళ ఫోర్‌స్క్వేర్‌ను వదిలేయడం మాత్రం తెలివితక్కువ.

తీసిన సీసా నిలబెట్టే ఉంచండి, పడుకోబెడితే బిరడాను స్పిరిట్ తినేస్తుంది. సగం అయ్యాక పైనున్న గాలికి వాసన చప్పబడుతుంది. అప్పుడు 180 ఎం.ఎల్. గాజు క్వార్టర్ సీసాల్లోకి మెడదాకా నింపి మార్చండి. వాటిని వేడినీళ్ళతో కడిగి, మూతలు వేరుగా రెండ్రోజులు ఆరబెట్టాలి. మూత లోపలి అట్టలో పాత బ్రాందీ వాసన ఉండిపోతే పన్నెండేళ్ళ రమ్ముకు అదే పట్టుకుంటుంది.